అందిన బిడ్డ

మొన్నొక రోజు తెనాలిలో రేపల్లె పాసింజరు ఎక్కి, జంపని దాటాక కిటికీ పక్కన కాస్త కునుకు తీద్దామనుకుంటుండగా, రైలుపెట్టెలో ఉన్న సెల్‌ఫోన్లన్నీ ఒక్కసారిగా కూత పెట్టాయి. తుఫాను హెచ్చరికలు అందరికీ అందుతున్నాయో లేదో చూడటానికి ప్రభుత్వం వారు పంపిన పరీక్ష సందేశమట, ఆ సంగతి తరవాత తెలిసింది. కానీ ఆ క్షణంలో ఫోను వంక చూసినవాళ్ళు తక్కువ. ఇప్పుడు భయపడాలా, అక్కర్లేదా అని ఎదుటివాళ్ళని అడుగుతున్నట్టు అందరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. తల్లులు మాత్రం ఎవరి మొహమూ చూడకుండా తమ పిల్లల్ని ఒళ్ళోకి లాక్కున్నారు. సందేశం చదివాక అంతా నవ్వుకున్నారు, ఎదురుగా కూర్చున్నాయన వేరుశనక్కాయల పొట్లం మళ్ళీ విప్పాడు. నాకు మాత్రం రేపల్లె వచ్చేదాకా గుండె దడ తగ్గలేదు.

మన ఈడు వాళ్ళకి, అందులోనూ సముద్రం పక్కన కాపురం చేసినవాళ్ళకి, ఈ దడ ఎక్కడిదో చెప్పక్కర్లేదు. డెబ్భై ఏడు ఉప్పెన వచ్చి వెళ్ళిన కొన్నేళ్ళకి నాకు నిజాంపట్నంలో సైన్సు టీచరుగా ఉద్యోగం వచ్చింది. తెనాలిలో పుట్టి పెరిగినదాన్ని, అప్పటిదాకా సముద్రమంటే నాకు కార్తీకమాసంలో బాపట్ల వెళ్ళి, అలల్లో కాళ్ళు తడుపుకొని, పులిహోర తిని తిరిగి రావడమే. మావారు పొద్దున్నే బస్సెక్కి రేపల్లెలో ఉద్యోగానికి వెళ్ళి చీకటి పడ్డాక వచ్చేవారు. చేపలు పట్టేవాళ్ళ పాలెం అంచున ఒక పెంకుటింట్లో అద్దెకి దిగాం. మా అమ్మాయికి అప్పుడు మూడేళ్ళు నిండలేదు. నేను బడికి వెళ్తే దాన్ని పక్కింటావిడ చూసుకునేది. ఆవిణ్ణి వదినా అని పిలిచేదాన్ని. ఎండుచేపల వాసనకి నేను ముక్కు మూసుకుంటే, నా చారు వాసనకి ఆవిడ మూసుకునేది, అలా ఇద్దరికీ సరిపోయింది.

ఆ పాలెంలో ఉప్పెన గురించి ఎవరూ కథలుగా చెప్పుకునేవారు కాదు. కానీ గాలి తూర్పుకి తిరిగిందంటే చాలు, అన్నం కలుపుతున్న వదిన చెయ్యి ఆగిపోయేది. మొదట్లో నాకు నవ్వొచ్చేది. ఆరు నెలలు తిరక్కుండానే నా చెయ్యీ ఆగడం మొదలుపెట్టింది. ఉప్పెనని నేను కళ్ళతో చూడలేదు, అయినా ఆ భయం నాకూ పట్టుకుంది. దానికి నీళ్ళు అక్కర్లేదు, పక్కన భయపడే మనిషి ఒకరుంటే చాలు.

ఒక శనివారం ఒంటిపూట బడి అయ్యాక, పిల్లని ఇంకాసేపు వదిన దగ్గరే ఉండనిచ్చి, రొయ్యలు కొందామని రేవు దగ్గర వేలం పాటకి వెళ్ళాను. పొద్దుటి నుంచీ ముసురు, సముద్రం పోటు మీద ఉంది. ఉన్నట్టుండి చేపలు ఎండబెట్టే దిబ్బ వైపు నుంచి నలుగురైదుగురు ఆడవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. ఎందుకని వాళ్ళు చెప్పలేదు, మేమూ అడగలేదు. పాడుతున్న పాట మధ్యలో ఆగిపోయింది, తట్టలు అక్కడే పడిపోయాయి, రేవంతా కదిలి ఊరి చివర స్తంభాల మీద కట్టిన తుఫాను షెల్టరు వైపు పరుగు తీసింది. నేనొక్కదాన్నే వాళ్ళకి ఎదురు తిరిగి ఇంటి వైపు పరుగెత్తాను. ఇంత భయం నా ఒంట్లో ఎక్కడ దాక్కుని ఉందో నాకు తెలియదు. ఊపిరి అందడం లేదు, చెవుల్లో హోరు, అది సముద్రానిదో నా రక్తానిదో తెలియడం లేదు.

పాలెం మలుపులో అందరూ పెద్దమ్మా అని పిలిచే ముసలావిడ దారికి అడ్డంగా నిలబడింది. ఒక పిల్లాణ్ణి తెచ్చి నా చేతుల్లో కుక్కింది.

"ఈణ్ణెత్తుకుని ఎనక్కి తిరుగు పంతులమ్మా."

"నా పిల్ల ఇంట్లో ఉంది పెద్దమ్మా, వదులు, నీకు దణ్ణం పెడతాను."

"నీ పిల్ల కాడ ఎవురో ఒకరి చేతులుంటయ్. ఈడి కాడ నీ చేతులే ఉండయ్. ఫో!"

అది ఆ పాలెం కట్టుబాటని నాకు అప్పటిదాకా తెలియదు. ఉప్పెన నాడు ఎవరి బిడ్డని వాళ్ళు వెతుక్కుంటూ ఎదురు పరుగెత్తిన తల్లులెవరూ మిగల్లేదట. ఎదురుగా ఏడుస్తున్న పిల్లల్ని దాటుకుంటూ పోయారట, ఆ పిల్లలూ మిగల్లేదు. అందుకని మిగిలినవాళ్ళు ఒక మాట అనుకున్నారు: నీళ్ళొస్తే అందిన బిడ్డే నీ బిడ్డ, ఎత్తుకుని మేడెక్కు, నీ బిడ్డ ఎవరికి అందితే వాళ్ళు తెస్తారు. ఇంకో మాట కూడా ఉంది. ఆఖరి మనిషి పైకి వచ్చేదాకా ఎవరూ తమ బిడ్డని పేరు పెట్టి పిలవకూడదు. పిలిచి, పలుకు వినపడకపోతే, ఏ తల్లీ మేడ మీద నిలవదు.

నేను వెనక్కి తిరిగాను. ఆవిడ కళ్ళు చూసే తిరిగానో, పిల్లాడు నా మెడ పట్టుకున్న పట్టుకే తిరిగానో ఇప్పటికీ చెప్పలేను. వాడు నా చీర తడిపేశాడు. అలాగే షెల్టరు మెట్లెక్కాను. మేడ మీద జనం కిక్కిరిసి ఉన్నారు, ప్రతి ఆడమనిషి చంకలోనూ ఎవరిదో బిడ్డ ఉంది, ఒక్క గొంతూ లేవడం లేదు. ఆ నిశ్శబ్దం ఉందే, దానికన్నా భయంకరమైనది నేను జన్మలో వినలేదు. నా కూతురి పేరు నోట్లోంచి రాకుండా కొంగు పళ్ళ మధ్య బిగబట్టాను. వదిన కనిపించింది. ఆవిడ రెండు చంకల్లోనూ చెరొక పిల్ల, ఆ ఇద్దరిలో మా అమ్మాయి లేదు. నా కళ్ళు చూసి ఆవిడ తల దించుకుంది.

చివరికి పెద్దమ్మ మెట్లెక్కి వచ్చి, "ఇక పిలుచుకోండర్రా" అంది. ఒక్కసారిగా మేడంతా పేర్లతో దద్దరిల్లింది. నా చంకలోని పిల్లాణ్ణి వాళ్ళమ్మ వచ్చి అందుకుంది. జనాన్ని తోసుకుంటూ వెళ్తే, మూల గోడ దగ్గర, నేను అంతకుముందు ఎన్నడూ చూడని ఒక మనిషి ఒళ్ళో, బొటనవేలు నోట్లో పెట్టుకుని మా అమ్మాయి కూర్చుని ఉంది. లాక్కుని గుండెకి అదుముకున్నాను. తరవాత సిగ్గు లేకుండా వదిన మీద పడ్డాను, "నీకు అప్పజెప్పి వెళ్తే నా పిల్లని వదిలేసి వస్తావా వదినా?" అని. ఆవిడ చెప్పింది, "పాప పెరట్లో కోళ్ళ కాడుందమ్మా. ఈళ్ళిద్దరూ గుమ్మంలో ఉండారు. మా వోణ్ణి కూడా నేను ఎతకలా." అప్పుడు చూశాను, ఆవిడ కొడుకుని ఇంకెవరో ఎత్తుకొచ్చి అప్పగిస్తున్నారు.

ఇంతా చేస్తే వచ్చింది పోటు నీళ్ళే. కాలవ గట్టు పొర్లి దిబ్బ మీద చీలమండల దాకా వచ్చి, ఆటుతో వెనక్కి పోయాయి. సాయంత్రానికి అందరూ ఒకరినొకరు వెక్కిరించుకున్నారు. మావారు ఇద్దరికీ బాపట్లకి బదిలీ చేయించుకునేదాకా నిద్రపోలేదు, ఆ ఏడే వెళ్ళిపోయాం. తరవాత ఎన్నో ఏళ్ళు క్లాసులో కోడి కథ చెప్పేదాన్ని. గద్ద నీడ పడితే రెక్కలు విప్పి పిల్లల్ని దాచుకోమని కోడికి ఎవరూ నేర్పలేదు, అది తరతరాల నుంచీ రక్తంలో వచ్చింది, మనకీ అలాగే వచ్చింది అని. తన పిల్లని పెరట్లో వదిలి పక్కదాని పిల్లని రెక్క కింద పెట్టుకునే కోడి మాత్రం లేదు. అది రక్తంలో రాదు. ఎంతో పోగొట్టుకున్నవాళ్ళు కూర్చుని నేర్పితే తప్ప రాదు.

రేపల్లె నుంచి బస్సెక్కి మొన్న ఆ పాలెం కూడా వెళ్ళొచ్చాను. వదినా లేదు, పెద్దమ్మా లేదు. కట్టుబాటు సంగతి అడిగితే ఒక ఇంటి కుర్రకోడలు వింతగా చూసి, "ఇప్పుడు ముందే ఫోనొస్తదండి, బస్సులు పెడతారండి, ఎవురి పిల్లల్ని ఆళ్ళు ఎక్కించుకుంటారండి" అంది. నిజమే, అంతకన్నా కావలసిందేముంది? చల్లగా ఉండమని దీవించి వచ్చాను.

ఇంటికొచ్చి ఇదంతా, సెలవులకి వచ్చి ఉన్న మా అమ్మాయికి మొదటిసారి వివరంగా చెప్పాను. తనకి ఆ రోజు ఏమీ గుర్తులేదు. ఇప్పుడు తనూ తల్లే. పక్క ఫ్లాటు వాళ్ళకి పిల్లలు ఉన్నారో లేదో కూడా తెలియని ఊళ్ళో ఉంటోంది. అంతా విని, కొడుకుని దగ్గరికి లాక్కుని, ఒక్క మాటే అడిగింది: "అంటే అమ్మా, ఆ పక్కింటావిడ నన్ను వదిలేసి వెళ్ళిపోయిందన్నమాట?"

ఆ రోజు నేనూ అడిగింది అదే. కాకపోతే నాకు జవాబు చెప్పడానికి మేడ నిండా, చంకల్లో పరాయి బిడ్డలతో, ఒక పాలెం నిలబడి ఉంది. మా అమ్మాయికి చెప్పడానికి నేనొక్కదాన్నే మిగిలాను. ఎన్ని విధాల చెప్పినా, నా మాట తనకి ఎక్కలేదు.