సాంచల గల్లీలో చదివింపు పరీక్ష

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లలో, ఒక జూన్ నెలలో, సిరిసిల్ల నుంచి ముస్తాబాద్ పోయే తొవ్వలో ఉన్న ఒక ఊరి బ్రిడ్జి బడికి నన్ను వాలంటీరుగా వేశారు. బ్రిడ్జి బడి అంటే ఇప్పటివాళ్లకు తెలియకపోవచ్చు. పనిలో పడి చదువు మానేసిన పిల్లల్ని, అసలు బడి ముఖమే చూడని పిల్లల్ని కొన్ని నెలలు కూర్చోబెట్టి, వాళ్ల వయసుకు తగిన తరగతికి ఎక్కించే ఏర్పాటు అది. వాలంటీరు అంటే పంతులు కాదు. పంతులు చేసే పనంతా చేస్తాడు, పంతులు కుర్చీలో మాత్రం కూర్చోడు. ఎండాకాలం బడికి సెలవులిస్తే అతని ఉద్యోగానికీ సెలవే.

నేను ముప్పై దాటాకే అక్షరాలు నేర్చుకున్నాను. అంతకుముందు మహారాష్ట్రలో భీవండి పోయి సాంచలు నడిపాను. కరెంటు మగ్గాన్ని మా దిక్కు సాంచ అంటారు. ఊరికొచ్చి అక్షరాస్యత కేంద్రంలో మొదలుపెట్టి, ఓపెన్ స్కూల్లో పది పాసై, ఈ పనికి కుదిరాను. చిన్నప్పుడే చదువుకున్నవాళ్లకు చదవడం ఎట్లా వచ్చిందో గుర్తుండదు. నాకు గుర్తుంది. ఇంతకుమించిన అర్హత నాకు లేదు.

ఆ బడి ఊరివాళ్లు పెట్టుకున్నది. నేతవాళ్లు మూతపడ్డ ఒక కార్ఖానా ఇచ్చారు. కల్లు గీసే గౌండ్లవాళ్లు కప్పుకు తాటి దూలాలు తెచ్చారు. అద్దకం పని చేసే ఖాసీం భాయ్ గోడలకు సున్నం వేశాడు. సర్కారు ఆ తర్వాతే వచ్చి బోర్డు తగిలించింది. మొదట వచ్చిన టీచరు ఏడాది తిరగకముందే జగిత్యాలకు బదిలీ చేయించుకున్నాడు. తర్వాత వచ్చిన మేడంకు ఎప్పుడూ తలనొప్పే. ఆమెనూ తప్పు పట్టను. గల్లీకి రెండు పక్కలా సాంచలు నడుస్తుంటే, మధ్యలో నిలబడి పాఠం చెప్పడమంటే రైలు కింద కూర్చుని కథ చెప్పినట్టే. మూడో ఆయన లింబాద్రి సారు. కోరుట్ల మనిషి, సిరిసిల్లలో రూము తీసుకుని ఉండేవాడు. బడికి పెద్ద ఆయనే. ఆయన పారిపోలేదు, చెవిలో దూది పెట్టుకున్నాడు.

చప్పుడును బట్టే మా టైంటేబుల్. సాంచలు నడిచేటప్పుడు లెక్కలు, రాత. మధ్యాహ్నం కరెంటు కోత పడితే గల్లీ అంతా నిశ్శబ్దం. అప్పుడు లింబాద్రి సారు అందరినీ కూర్చోబెట్టి పద్యాలు, కథలు చెప్పేవాడు. ఒక్కొక్కరి చేత పుస్తకం చదివించే పని నాది. అది చప్పుడులోనే జరిగేది. పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, వేలు అక్షరం మీద, నా కన్ను ఆమె పెదాల మీద.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. సాంచల దగ్గర పనిచేసేవాళ్లు పక్కపక్కన ఉంటే గొంతు వాడరు. పెదాలు కదిపితే చాలు, అవతలివాడు తెలుసుకుంటాడు. దూరం ఉన్నవాడికైతే అరిచి చెబుతారు. మధ్యరకం లేదు. ఆ గల్లీ పిల్లలూ అంతే.

ఆ ఏడు నూలు దొరకక, నేసిన గుడ్డ అమ్ముడుపోక సగం కార్ఖానాలు బందయ్యాయి. జనం భీవండి బస్సులెక్కుతున్నారు. మా బడికి ఎదురుగా గల్లీ అవతల కార్ఖానాలో నర్సవ్వ సాంచలకు నూలు కండెలు చుట్టేది. మగడు ముందే భీవండి పోయాడు, ఆమెను కూడా రమ్మని కబురు పెట్టాడు. ఆమె బిడ్డ సుజాత మా దగ్గర చదువుతోంది. పదకొండో ఏడు నడుస్తున్న పిల్ల. ఆడపిల్లల సర్కారు హాస్టల్ బడి ఆరో తరగతి నుంచే ఉంది. ఆరుకు తగుతుందని మండల విద్యాధికారి పరీక్ష పెట్టి రాసిస్తేనే సీటు.

నర్సవ్వ మాట దాచుకునే మనిషి కాదు. బడి గడప దగ్గర నిలబడి తేల్చేసింది.

"సారూ, సీటస్తే పిల్లను ఈడనే ఇడిసి పోత. రాకుంటే నాతోని తోల్కపోత. కండెలు సుట్టుడు దానికి మంచిగనే వస్తది."

"గట్లంటవేంది నర్సవ్వా, మంచిగ సదువుతది పిల్ల," అన్నాడు లింబాద్రి సారు.

"మీరంటే సరిపోదు కద సారూ. పెద్దసారనాలె."

పెద్దసారును, అంటే ఆ మండల విద్యాధికారిని, ఏ వేళకు పిలవాలన్నది మేం మాట్లాడుకున్నాం. "కరెంట్ పోయే టైమ్‌కు రమ్మందాం. సాంచలు బందైతయి, పిల్ల గొంతు సాఫ్ వినవడతది," అన్నాడు లింబాద్రి సారు. నాకూ అదే సబబనిపించింది. ఖాసీం భాయ్‌కి కూడా. చప్పుడే అడ్డమనుకున్న మనుషులకు అంతకన్నా మంచి ఆలోచన ఎట్లా వస్తుంది?

అధికారి చెప్పిన వేళకే వచ్చాడు. పద్ధతి ప్రకారం ముందు లెక్కలు. సుజాత పలక మీద భాగహారం చేసింది, తప్పు లేదు. తర్వాత వాచకం తెరిచి, పిల్లను తన కుర్చీ పక్కన నిలబెట్టుకుని చదవమన్నాడు. సుజాత పెదాలు కదిలాయి. శబ్దం లేదు. గల్లీలో కోడి అరిస్తే వినబడుతోంది, ఈ పిల్ల వినబడటం లేదు.

"ఏమ్మా, దేవునికి చదువుతున్నవా, నాకా?" అన్నాడాయన.

"జోర్గ సదువు బిడ్డా," అన్నాడు లింబాద్రి సారు. పెదాలు ఇంకా జోరుగా కదిలాయి.

నేనుండబట్టలేక, "చదువుతోంది సార్," అన్నాను.

"మీకు వినబడ్డదా?"

"లేదు సార్. కనబడ్డది."

"కనబడ్డదానికి నేను సంతకం పెట్టలేనయ్యా. మూడో తరగతికి రాస్త. ఇంకో ఏడాది చదివించండి."

ఆయన మాటలో దురుసు లేదు. ఆయన చోట నేనున్నా అదే రాసేవాణ్ని. కానీ ఇంకో ఏడాదికి ఈ పిల్ల ఇక్కడ ఉండదు. లింబాద్రి సారు ఏదో చెప్పబోయేలోగా కరెంటు వచ్చింది. ఎదుటి కార్ఖానా ఒక్కసారిగా మోగింది. అధికారి చెవి మీద చెయ్యి పెట్టుకుని లేచాడు.

అప్పుడే అవతలి గడపలోకి నర్సవ్వ వచ్చింది. పొద్దటి నుంచి ఆమె చెవి ఇటే ఉంది.

"ఏమాయెనే?" అని అరిచింది.

సుజాత కుర్చీ మీది వాచకం తీసుకుని మా గడపలోకి పోయింది. "సదువుతున్ననే అవ్వా," అని అంతకన్నా గట్టిగా అరిచి, పాఠం మొదటి నుంచి అందుకుంది. సాంచలను దాటి, గల్లీని దాటి పోయింది గొంతు. చెప్పులు వేసుకుంటున్న అధికారి ఆగాడు. దగ్గరికొచ్చి పుస్తకం తీసుకుని, వెనక ఎక్కడో ఒక పేజీ తిప్పి చేతికిచ్చాడు. నోటికి నేర్చిందేమోనని ఆయన అనుమానం. అది సరైన అనుమానమే.

"ఇది చదువు. మీ అమ్మకు."

చదివింది. నాలుగు వరుసలు పోయాక ఒకచోట ఆగింది.

"ఆగినవేందే?" నర్సవ్వ అరిచింది.

"కింద ఒత్తున్నదే."

"ఉంటే ఉండనియ్. సదువు."

కూడబలుక్కుని ఆ మాట దాటింది, పేజీ చివరిదాకా పోయింది. అధికారి మళ్లీ లోపలికొచ్చి కూర్చున్నాడు. మూడు కొట్టేసి ఆరు రాసి, కొట్టేసిన చోట పొట్టి సంతకం కూడా పెట్టాడు.

"ఇంత గొంతు ఎక్కడ దాచిండ్రయ్యా?" అని అడిగాడు.

"సాంచల కింద సార్," అన్నాడు లింబాద్రి సారు. ఆయన నవ్వగా చూసింది నేను ఆ రోజే.

సుజాత హాస్టల్‌కు పోయింది. ఆమె పెట్టె ఖాసీం భాయ్ సైకిల్ మీద మోసుకుపోయాడు. ఆ వారంలోనే నర్సవ్వ భీవండి బస్సెక్కింది. పోయేముందు బడికొచ్చి, "పెద్దసారుకు చెముడేమో అనుకున్న సారూ," అంది. బిడ్డను విడిచిపోతున్నందుకు ఏడ్వలేదు. ఏడ్చేదుంటే బస్సులో ఏడ్చి ఉంటుంది.

ఆ తర్వాత నేను చాలా బడుల్లో పనిచేసి దిగిపోయాను. ఈ సంగతి నాకు నేర్పింది ఒక్కటే. పిల్లకు చదవడం వచ్చా రాదా అని తేల్చేముందు, ఆ పిల్ల ఎవరికి, ఎంత దూరానికి మాట్లాడటం అలవాటుపడిందో కనుక్కోవాలి. ఆ బడిలో ఉన్నన్నాళ్లూ చదివింపు పరీక్షకు ఎవరొచ్చినా మేం కుర్చీ లోపల వెయ్యలేదు. గల్లీ అవతల, నర్సవ్వ నిలబడ్డ గడపలో వేశాం.