వంక ఒడ్డున శుభవార్త

యుద్ధం నడుస్తున్న రోజుల్లో ఒక వానాకాలం, బెజవాడ నుంచి వచ్చి ఆదోనిలో రైలు దిగి ఎమ్మిగనూరు పోతున్నాను. ఆ ఊరి పొలిమేరలో మా మోటారు బస్సు నల్లరేగడిలో దిగబడింది. అందరం చెప్పులు చేతబట్టుకుని నడిచాం. ముందు వంక పొంగుతోంది. మోకాలి లోతే కదా అనుకుని కాలు పెట్టబోయాను. బస్సులో నాతో వచ్చిన పెద్దావిడ నా చొక్కా పట్టి లాగింది. ఆమె ఆదోని పత్తి వ్యాపారి భార్య, కూతురి కాన్పుకు పోతోంది.

"యాడికప్పా? కంపలు కొట్టుకొస్తాండాయి సూడు. పైన వాన నిలవలేదు. కూసో, నీళ్లు తగ్గనీ."

అంతలో బస్సుకు ఎదురొచ్చిన ఆమె అల్లుడు అవతలి ఒడ్డున కనిపించాడు. నీళ్ల హోరులో అతని కేకలు వినబడలేదు. చేతులతో ఉయ్యాల ఊపి, లేని జడను భుజం మీదికి వేసుకుని చూపించాడు.

"ఆడపిల్ల! మా ఇంటికి లచ్చిమి వచ్చినాది!" అంటూ ఆమె వంకలోకి దిగబోయింది. నేనూ, ఇద్దరు కూలి ఆడవాళ్లూ కలిసి పట్టుకున్నాం. అందరం పడీపడీ నవ్వాం. కాన్పింటికని తెచ్చిన బొరుగులు, బెల్లం ఆమె అక్కడే పంచింది.

నీళ్లు తగ్గి రాళ్లు బయటపడ్డాక, ఒడ్డున దొరికిన ఒక కర్రతో లోతు చూస్తూ, ఒకరి చేయి ఒకరం పట్టుకుని దాటాం. ఒడ్డెక్కగానే ఇంటికి పరుగెత్తుతుందనుకున్నాను. ఆమె ముందుగా ఆ కర్రను గట్టు మీద బురదలో నిలబెట్టింది.

"దాటేటోళ్లకు కావల్ల గదప్పా," అని, చీర ఎగదోపి, అల్లుడికంటే ముందు పరుగెత్తింది.