పోకువా రెండు గీతలు

కుమాసి ఊళ్ళో బళ్ళు బాగుచేసే సువామే షెడ్ల దగ్గర పోకువా ఎక్కడుంటుందని అడిగితే ఎవరూ చెప్పలేరు. "టీవీ అక్క" అంటే మాత్రం చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి దిగబెడతారు. ఆ పిలుపు వింటే ఆమెకి ఒళ్ళు మండుతుంది. అది టీవీ కాదు, ఆసిలోస్కోప్ అని పదకొండేళ్ళుగా నెత్తీ నోరూ కొట్టుకుని చెబుతూనే ఉంది. వైరులో కరెంటు ఎలా లేస్తోందో, ఎలా పడుతోందో తెర మీద అలలా గీసి చూపించే పెట్టె అది. కుమాసి రోడ్ల మీద మొరాయించిన ఏ బండినైనా ఆమె ముందు నిలబెడితే, దాని సెన్సరుకి క్లిప్పులు తగిలించి, ఆ అలని చూసి జబ్బు చెబుతుంది. చూడ్డానికి వచ్చినవాళ్ళు మాత్రం, "ఇవాళేం సినిమా అక్కా? పాటలున్నాయా?" అని అడిగి నవ్వుకుంటూ పోతారు.

అలని ఎవడైనా చూస్తాడు. కొలవడం వేరే పని. తెర మీద నిలువుగా రెండు గీతలుంటాయి. బొత్తం తిప్పితే అవి అటూ ఇటూ జరుగుతాయి. ఒక గీతని ఈ శిఖరం మీద, రెండో గీతని ఆ పక్క శిఖరం మీద నిలబెడితే, రెండింటి మధ్యా ఎంత సమయం గడిచిందో మూలన అంకె పడుతుంది. సెకనులో వెయ్యో వంతుల లెక్క. యంత్రం చేసేది అంతవరకే. గీత ఎక్కడ పెట్టాలో దానికి తెలియదు, పెట్టే మనిషికి తెలియాలి. ఈ ముక్క పోకువా ఎంతమందికి చెప్పిందో! వింటేగా.

పంతొమ్మిదేళ్ళ వయసులో అసారే మామ షెడ్డులో పనికి చేరిందామె. ఇప్పుడు నలభై ఏడు. అసారే మామకి డెబ్భై దాటాయి. చేతికి ఆకురాయి ఇచ్చి, విరిగిన ముక్క ఏదైనా ముందు పెడితే, అచ్చు అలాంటిదే కొత్తది చేసి ఇస్తాడు. ఓడలో రావాల్సిన సామాను ఆయన చేతిలోంచే వస్తుందని డ్రైవర్లు అంటారు. ఆయన పనితనాన్ని పోకువా ఎన్నడూ శంకించలేదు. ఆయన మనసుతోనే పేచీ.

సువామేలో పని నేర్చుకున్నవాళ్ళు మాస్టర్ కావాలంటే, నేర్పిన గురువు పదిమంది ముందు వాళ్ళ మెడ మీదా భుజాల మీదా తెల్లటి పౌడరు చల్లి, "మాస్టర్" అని ఒక్క మాట అనాలి. ఆ మాట పడ్డాకే మెకానిక్కుల సంఘం బోర్డు మీద పేరెక్కుతుంది. బోర్డు మీద పేరున్నవాళ్ళకే సొంత షెడ్డు. పోకువా పని పూర్తిగా నేర్చుకుని ఇరవై నాలుగేళ్ళయింది. మొదట్లో అడిగితే, "ఆడపిల్లవి, రేపో మాపో పెళ్ళి చేసుకుని పోతావు, తొందరేముంది?" అన్నాడు మామ. పెళ్ళి చేసుకుంది, ఇద్దరు పిల్లల్ని కంది, మొగుణ్ణి పోగొట్టుకుంది. అయినా ఎక్కడికీ పోలేదు, అదే షెడ్డులో అదే మూల. తర్వాత అడిగినప్పుడల్లా "చూద్దాంలే" అన్నాడు. ఆమె వెనక చేరిన పదకొండు మందికి పౌడరు పడింది. వాళ్ళలో నలుగురికి వైరు అతకడం నేర్పింది ఆమే.

ఈసారి సంఘం కొత్తగా ఆరు షెడ్లు కట్టింది. శనివారం సమావేశంలో పేర్లు తేలుస్తారు. మామ నోరు తెరిచి ఆ ఒక్క మాట అంటే ఒకటి ఆమెది. అనకపోతే బతుకంతా ఆ మూలే. మళ్ళీ షెడ్లు కట్టడానికి అక్కడ జానెడు నేల లేదు.

సరిగ్గా ఆ వారంలోనే, మంగళవారం పొద్దున, సార్‌పోంగ్ తన వ్యాను తోసుకుంటూ వచ్చాడు. మామ్‌పోంగ్ కొండ దారిలో జనాన్ని తిప్పే బండి.

"అక్కా, ఎత్తు సగం ఎక్కేసరికి గుటుక్కున ఆగిపోతోంది. సెన్సరు రెండుసార్లు మార్చాను. ట్యాంకు కడిగించాను. ఎక్కినవాళ్ళు దిగి తోస్తూ మా అమ్మని తిడుతున్నారు. ఆవిడేం చేసింది పాపం?"

"ఎప్పట్నించి?"

"నెలైంది. లోపల బోల్టు ఊడి పళ్ళ చక్రం పగిలింది చూడు, మామ కొత్తది కోసి ఇచ్చాడే, అప్పట్నించి."

ఇంజనుతో పాటు తిరిగే చక్రం అది. చుట్టూ పళ్ళుంటాయి, ఒక చోట కావాలనే ఒక పన్ను ఖాళీగా వదిలేస్తారు. ఒక్కో పన్ను సెన్సరు ముందు నుంచి పోయినప్పుడల్లా తెర మీద ఒక అల లేస్తుంది. ఆ ఖాళీని చూసే ఇంజను ఎంతవరకు తిరిగిందో బండి లెక్క కట్టుకుంటుంది. పోకువా క్లిప్పులు తగిలించింది. అలలన్నీ వరసగా వస్తున్నాయి, ఒక చోట తప్ప. అక్కడ ఒక అల పక్కదాని మీదికి ఒరిగి వస్తోంది. పన్ను వంకర. బండి మెల్లగా భారంగా లాగేటప్పుడు ఆ వంకరని చూసి, ఖాళీ వచ్చిందని పొరబడి, లెక్క తప్పి ఆగిపోతోంది.

ఆమెకి నీరసం వచ్చింది. శనివారం ఎవరి నోటి మాట కోసం చూస్తోందో, ఆయన చేసిన చక్రంలోనే తప్పుంది. చెప్పకుండా ఊరుకుంటే సార్‌పోంగ్ ఎత్తు మీద తోసుకుంటూనే ఉంటాడు. చెప్పింది.

అసారే మామ ఆకురాయి కింద పెట్టాడు. "నా చేతి పనిలో తప్పా?"

"పన్ను ఒకటి జరిగింది మామా."

"నీ టీవీ చెప్పిందా? సరే, రేపు అందరి ముందూ చూపించు. నేనూ చూస్తా."

బుధవారం షెడ్డు ముందు ఇరవై మంది పోగయ్యారు. పక్క వీధి వెల్డింగు వాళ్ళు కూడా పని మానుకుని వచ్చారు. పోకువా క్లిప్పులు తగిలించింది. మొదటి రెండు పళ్ళ మధ్య గీతలు పెట్టింది. అంకె పడింది, రెండు పాయింట్ ఎనిమిది. బొత్తం మీద రబ్బరు అరిగి నున్నగా ఉంటుంది, గట్టిగా నొక్కి తిప్పుతూ తర్వాతి జంటకి జరిపింది. అదే అంకె. ఆ తర్వాత, వంకర పన్ను దగ్గరికి జరిపింది. రెండు పాయింట్ ఎనిమిది!

"ఇక్కడ చూడండి, అల ఒరిగింది..." అంటోంది ఆమె. అల ఎవరు చూస్తారు? అంకెలు చదవడం అందరికీ వచ్చు. జనం గట్టిగా చదవడం మొదలుపెట్టారు. "రెండు పాయింట్ ఎనిమిది! రెండు పాయింట్ ఎనిమిది!" బళ్ళో ఎక్కాలు చదివినట్టు, నవ్వుతూ.

మామ నవ్వలేదు. "నా పళ్ళు సమానంగా ఉన్నాయని నీ టీవీయే సాక్ష్యం చెప్పింది. చాలా సంతోషం పిల్లా," అని లోపలికి పోయాడు. పోకువాకి తల కొట్టేసినట్టయింది.

కారణం గురువారం మధ్యాహ్నం తెలిసింది. కాల్చిన అరటికాయ, వేరుశనగలూ ముందు పెట్టుకుని, ఒక చేత్తో బొత్తం తిప్పుతోంది. ఒక గీతని జరిపితే రెండోది కూడా వెంట వచ్చింది. బొత్తం నొక్కితే రెండు గీతలూ ఒకదానికొకటి ముడిపడిపోతాయి, వాటి మధ్య దూరం ఎక్కడికి పోయినా మారదు. జారే బొత్తాన్ని బుధవారం తనే గట్టిగా నొక్కేసింది. ముడిపడ్డ గీతల్ని ఆ చివర నుంచి ఈ చివరకి నడిపిస్తూ, మారని అంకెని ఇరవై మందికి చూపించింది.

"పదకొండేళ్ళు! పదకొండేళ్ళుగా ఇదే పట్టుకుని కూర్చున్నావు గదే, గాడిదా!" అని తనని తనే తిట్టుకుంది. అరటికాయ కోళ్ళకి విసిరేసింది.

శుక్రవారం సార్‌పోంగ్‌ని పంపి జనాన్ని మళ్ళీ పిలిపించింది. సగం మందే వచ్చారు. మామ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఈసారి ముడి విప్పి, ఒక్కో పంటికీ రెండు గీతలూ విడివిడిగా పెట్టింది. రెండు పాయింట్ ఎనిమిది. రెండు పాయింట్ ఎనిమిది. మూడు పాయింట్ నాలుగు. ఆ పక్కదానికి రెండు పాయింట్ రెండు. చదివే గొంతులు తగ్గాయి. తర్వాత కావాలనే గీతల్ని ముడివేసి, గజం బద్దతో బట్ట కొలిచినట్టు పన్నూ పన్నూ దాటించింది. "అంకె వద్దు, రెండో గీతని చూడండి," అంది. ప్రతి శిఖరం మీదా నిలబడిన గీత వంకర పన్ను దగ్గర పల్లంలో పడింది.

"కాలు జారింది!" అని అరిచాడు సార్‌పోంగ్.

చక్రం ఊడదీశారు. మామ లోపలికి వెళ్ళి, మేకుకి వేలాడుతున్న పాత పగిలిన చక్రం తెచ్చి పక్కన పెట్టాడు. బోల్టు తగిలి పాతదానికి పగులుతో పాటు ఒక పన్ను కూడా వంగింది. కొత్తదానిలో సరిగ్గా అదే పన్ను, అదే వంకర.

"ఒక పన్ను లేకుండా కావాలనే చేశారు కదా," అన్నాడు మామ. "ఈ వంకర కూడా కావాలనే పెట్టారనుకున్నా. చేసినవాడికి ఏదో కారణం ఉంటుంది, నేనెవర్ని దిద్దడానికి?"

పోకువా ఊపిరి పీల్చుకుంది. ఇక తేలిపోయిందనుకుంది. అప్పుడు వెల్డింగు వాళ్ళలో ఒకడు రెండు చక్రాల్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి ఎత్తి పట్టుకున్నాడు. "చూడండ్రా, వంకరలో కూడా వెంట్రుకవాసి తేడా లేదు! ఏం చెయ్యి మామా నీది!" జనం చప్పట్లు కొట్టారు. మామ ముఖం వెలిగిపోయింది. పోతూ పోతూ ఒకరిద్దరు పెట్టెని కూడా తట్టారు. "టీవీ భలే పట్టేసింది!" పోకువా అక్కడే నిలబడి ఉంది. ఆమెని ఎవరూ తట్టలేదు.

సాయంత్రానికి మామ తిన్నని పళ్ళతో ఇంకో చక్రం కోసి ఇచ్చాడు. వ్యాను ఎత్తు ఎక్కి దిగింది.

శనివారం సమావేశంలో సంఘం పెద్ద న్యార్కో ఐదు షెడ్లకి పేర్లు చదివాడు. ఆరోదాని దగ్గర ఆగి, "అసారే మామా, పోకువా గురించి ఏమైనా చెబుతావా?" అన్నాడు.

మామ లేచాడు.

"మంచి యంత్రం అది," అన్నాడు మామ. "కొనుక్కోవడం తెలివైన పనే." కూర్చున్నాడు.

"నిజమే," అన్నాడు న్యార్కో. "అలాంటిది సంఘంలో అందరికీ ఒకటి ఉంటే బాగుండును."

పోకువా లేచింది. కాళ్ళ దగ్గరున్న పెట్టెని ఎత్తి న్యార్కో బల్ల మీద పెట్టింది. "తీసుకోండి. తప్పు చెబితే పోకువాది, ఒప్పు చెబితే యంత్రానిది. బోర్డు మీద పేరు కూడా దానిదే రాయండి. పౌడరు దాని నెత్తిన చల్లండి," అంది. ఎవరి ముఖమూ చూడకుండా బయటికి నడిచింది. బస్సు ఆగే చోట నిలబడి ఏడ్చింది. ఏడుస్తున్నందుకు ఇంకా కోపం వచ్చింది.

సోమవారం పనికి వచ్చి తన మూలలో కూర్చుని, కరెంటు తగిలితే వెలిగే టెస్టు దీపం పట్టుకుని వైర్లు చూసుకుంటోంది. సంఘం ఆఫీసు వైపు గోల వినిపిస్తూనే ఉంది. సార్‌పోంగ్ బావమరిది బండి కూడా ఎత్తు మీద ఆగిపోతోందట. పొద్దుటి నుంచి ముగ్గురు మాస్టర్లు పెట్టె ముందు కూర్చున్నారు. ముగ్గురికీ మూడు అంకెలు వచ్చాయి. న్యార్కో తిప్పితే నాలుగోది వచ్చింది.

మధ్యాహ్నం అసారే మామ ఎండలో వచ్చాడు, పెట్టెని పసిబిడ్డని ఎత్తుకున్నట్టు రెండు చేతుల్లో పొదివి పట్టుకుని. వెనకాల న్యార్కో, సార్‌పోంగ్, సగం వీధి. మామ పెట్టెని ఆమె ముందు దించి, కాసేపు ఆయాసం తీర్చుకున్నాడు.

"గంటసేపు తిప్పాను పిల్లా. గీత ఎక్కడ పెట్టినా ఏదో ఒక అంకె పడుతోంది. అదీ చిక్కు. అన్నీ అంకెలే. ఏది నిజమో తెలియలేదు."

పోకువా దీపం కింద పెట్టింది. "నాకు తెలుసు."

"అయితే చూడు మరి, బండి అక్కడ ఆగి ఉంది."

"ముందు పౌడరు తీసుకురా."

"ఇప్పుడా? సమావేశం శనివారమే అయిపోయిందిగా..."

"షెడ్డు ఒకటి మిగిలే ఉందిగా. ఇరవై నాలుగేళ్ళుగా చూద్దాం అన్నావు. చూశావు. ఇంకేం చూడాలి మామా?"

మామ న్యార్కో వైపు చూశాడు. న్యార్కో నేల చూపులు చూశాడు. ఇంకెవరినీ పంపకుండా మామే వీధి దాటి ఎదురు కొట్టుకి నడిచాడు. పౌడరు డబ్బా తెచ్చి, ఆకురాయి పట్టి మొద్దుబారిన గోళ్ళతో మూత పీకడానికి చాలాసేపు అవస్థపడ్డాడు. ఆమె సాయం చెయ్యలేదు. చల్లాడు, మెడ మీద, భుజాల మీద. కొంత జుట్టు మీద కూడా పడింది.

"మాస్టర్," అని గొణిగాడు.

"వినపడలేదు."

"పోకువా మాస్టర్!" వీధి చివర వెల్డింగు వాళ్ళు తలెత్తి చూశారు. న్యార్కో జేబులోంచి కలం తీశాడు.

పౌడరు తెర మీద కూడా దట్టంగా పడింది. పోకువా చొక్కా చేతితో తెర తుడిచి, క్లిప్పులు అందుకుని బండి దగ్గరికి నడిచింది. తగిలించి, గీతలు ముడిపడి లేవని రెండుసార్లు చూసుకుంది.

"దగ్గరికి రా మామా," అంది. "మొదటి గీత ఇదిగో, ఇక్కడ పెట్టాలి."