రేవులో గొంతు

బస్టాండులో అక్క గొంతు వినని మనిషి ఆ ఊళ్ళో లేడు. ఆమెను చూసినవాళ్ళు మాత్రం తక్కువ. టికెట్ల కౌంటరు వెనక, అద్దాల గదిలో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తోందో చెప్పడం ఆమె ఉద్యోగం. కాగితం మీద ఉన్నది చదివితే సరిపోయేది. ఆమె అంతటితో ఊరుకునేది కాదు. "ఎర్ర గొడుగు మర్చిపోయిన అమ్మగారూ, గొడుగు నా దగ్గర భద్రంగా ఉంది. మబ్బు పట్టింది, తడవకముందే వచ్చి తీసుకెళ్ళండి" అనేది. "పరుగెత్తకండి, ఆఖరి బస్సు ఇంకా కదల్లేదు. డ్రైవరుగారు టీ తాగుతున్నారు" అనేది. పోర్టర్లు ఆమెకు మైకక్క అని పేరు పెట్టారు. పై అధికారి ఒకటి రెండుసార్లు పిలిచి మందలించినా, ఆయన భార్యే ఒకసారి ఆ మైకు పుణ్యాన తప్పిపోయిన సంచి దొరకబుచ్చుకోవడంతో ఆ తర్వాత నోరెత్తలేదు.

తమ్ముడు చదువుకునే రోజుల్లో బడి వదలగానే బస్టాండుకే వచ్చేవాడు. అక్క డ్యూటీ దిగేదాకా స్పీకరు కింద బెంచీ మీద కూర్చుని లెక్కలు చేసుకునేవాడు. లెక్కలు ఏమాత్రం ఒంటబట్టాయో గానీ, ముక్కూ మొహం తెలియనివాళ్ళతో సొంత మనిషిలా మాట్లాడటం ఎలాగో మాత్రం అక్కడే పట్టుబడింది. పెద్దయ్యాక వీడియో గేములు తయారుచేసే కంపెనీలో పాత్రలకు మాటలు రాసే పనిలో చేరాడు. ఆఫీసులో అందరూ మాటలాయన అనేవారు.

అతను ఆ ఉద్యోగంలో కుదురుకునేసరికి అక్క ఉద్యోగానికి ఎసరొచ్చింది. బస్టాండులో మిషను పెట్టారు. ముందే రికార్డు చేసిన గొంతు బస్సు నంబర్లు అప్పగించేది. అక్కను పార్సిల్ కౌంటరుకు మార్చారు. ఆమె ఎప్పటిలాగే డ్యూటీకి వెళ్ళొచ్చేది. ఇంట్లో మాత్రం బావతో, కూతురితో అవసరానికి మించి గట్టిగా మాట్లాడటం మొదలుపెట్టింది. "నేను ఇక్కడే ఉన్నానే, ప్లాట్‌ఫారం అవతల కాదు" అని బావ నవ్వేవాడు.

ఆ సమయంలోనే కంపెనీకి పెద్ద పని తగిలింది. జనం ఏళ్ళ తరబడి ఆడుతున్న రెండు ఆటలున్నాయి. ఒకటి కత్తులు, కోటలు, రాజుల ప్రపంచం. రెండోది యంత్రాలు నిండిపోయిన రేపటి నగరం. ఆ ఆట వీరుడూ ఈ ఆట వీరనారీ ఒకే కథలోకి వచ్చి పడితే ఎలా ఉంటుందన్నది ఆలోచన. ఆడేవాళ్ళు ఒక పాత్రలో దూరి, ఊళ్ళు తిరిగి, దారిలో తగిలినవాళ్ళతో మాట్లాడి, పోట్లాడి, కథను ముందుకు నడుపుకోవాలి. రెండు ప్రపంచాల మధ్య ఒక నది ఉంది. అటువాళ్ళు ఇటు రావాలన్నా ఇటువాళ్ళు అటు వెళ్ళాలన్నా ఒక ముసలమ్మ పడవ ఎక్కాల్సిందే. ఆ పడవవ్వ మాటలు మాటలాయన రాశాడు. రాస్తున్నంతసేపూ అక్క గొంతే చెవిలో ఆడింది.

అసలు నటి దొరికేదాకా ఆసరాగా ఉంటుందని అక్కను స్టూడియోకి తీసుకెళ్ళాడు. సౌండు చూసుకునే అమ్మాయి ఆమెను దూది పరుపుల గోడల గదిలో కూర్చోబెట్టి చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించింది. తను వెళ్ళి పక్క గోడకున్న అద్దం అవతల తమ్ముడితో కలిసి కూర్చుంది.

"ఎదురుగా ఎవరూ లేరేంట్రా? ఎవరితో మాట్లాడను?" అంది అక్క.

"బస్సు దిగి దిక్కులు చూస్తుంటారే, వాళ్ళతో అనుకో."

"అట్లా చెప్పు మరి."

అంతే, ఇక ఆమెకు అడ్డులేదు. రాసింది చదువుతూ చదువుతూ మధ్యలో తనవి కలిపేసింది. కత్తి వీరుడితో "ఆ ఇనుమంతా ఒంటి మీద వేసుకుని ఎక్కితే పడవ మునుగుతుంది నాయనా, కాస్త ఆ మూల కూర్చో" అంది. నగరం నుంచి పారిపోయి వచ్చిన పిల్లతో "ఎవరూ తరుముకు రావట్లేదులే, నేను చూస్తున్నాగా" అంది. సౌండమ్మాయి తల వంచుకుని మీటలు సర్దుతున్నట్టు నటించింది గానీ కళ్ళు తుడుచుకోవడం మాటలాయన చూశాడు. అక్క గొంతే ఉంచేద్దామని ఆఫీసంతా ఒక్క మాట మీద నిలబడింది. ఆట చివర పనిచేసినవాళ్ళ పేర్లు పైకి వెళుతుంటే అక్క పేరు కూడా వెళ్ళింది. అది చూడటానికి ఆమె కూతుర్ని ఆటంతా గెలిచేదాకా వదల్లేదు.

ఆట విడుదలైన ఉదయం సమీక్షలన్నీ ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. పోరాటాలను ఆకాశానికెత్తారు. ఒకరినొకరు నమ్మని ఇద్దరు వీరులు మెల్లగా కలిసిపోయే తీరు బాగుందన్నారు. మాటలాయనకు ప్రాణం లేచివచ్చింది. ఆ తర్వాత తెరిచిన సమీక్ష ఒక పెద్దాయనది. ఆయన మెచ్చుకోలు కోసం కంపెనీలు కాచుకుని కూర్చుంటాయి. గుండుసూదంత తేడా కూడా వదలడని అందరూ ఆయన్ని త్రాసు అని చెప్పుకుంటారు. ఆయనా ఆటను మెచ్చుకున్నాడు, రేవు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఏకిపారేశాడు. "ఇంత గొప్ప కథలో ఈ ముసలమ్మ ఎక్కడినుంచి ఊడిపడింది? ఆమె నోరు తెరిచినప్పుడల్లా నా బస్సు తప్పిపోతుందేమోనని కంగారు పుట్టింది" అని రాశాడు.

ఆ ముక్క జనానికి దొరికింది. పడవవ్వ మాటలకు బస్సు హారన్లు కలిపి వీడియోలు చేశారు. మిగతా సమీక్షకులు కూడా రేవు గురించి తలా ఒక చురక అంటించారు. అందరూ నవ్వుతున్నారు. మాటలాయనకు తల కొట్టేసినట్టయింది. అందులో సగం అక్క గురించి బాధ, మిగతా సగం ఆమె తన అక్క అని బయట జనానికి తెలిసిపోతుందేమోనన్న భయం. ఆ రెండో సగం గురించి అతను ఎవరికీ చెప్పలేదు.

బాస్ అందర్నీ కూర్చోబెట్టాడు. "రేవు మీద రభస అవుతోంది. ఏం చేద్దాం?" అన్నాడు. మార్చమని అనలేదు. నిజానికి ఆయనకు పడవవ్వ అంటే ఇష్టం.

"కొన్నాళ్ళాగితే వాళ్ళే సర్దుకుంటారు సార్" అంది సౌండమ్మాయి.

ఆమె మాట పూర్తికాకముందే మాటలాయన అందుకున్నాడు. "గొంతు మార్చేద్దాం. అది ఊరికే ఆసరాగా పెట్టుకున్నదేగా."

సౌండమ్మాయి అతని వంక తిరిగి చూసింది. బాస్ పెన్ను పక్కన పెట్టి, "రాసినవాడివి నువ్వే అంటున్నావంటే ఇంకేముంది" అన్నాడు. అరిగిపోని గొంతున్న నటిని పిలిపించి, రాసిన మాటలు రాసినట్టు చదివించారు. అక్క కలిపినవన్నీ పోయాయి. వాటితో పాటు చివర్లో ఆమె పేరూ పోయింది. పేరు తీసే ముందు ఒకతను వచ్చి "ఉంచమంటారా?" అని అడిగాడు. మాటలాయన ఫోన్లో ఏదో చూసుకుంటున్నట్టు ఉండిపోయాడు. అడిగినతను దానికి తనకు తోచిన అర్థం తీసుకుని వెళ్ళిపోయాడు.

అక్కకు చెప్పాలనే అనుకున్నాడు. ఈ ఆదివారం, వచ్చే ఆదివారం అంటూ వాయిదా వేశాడు. ఇంట్లో ఉన్న ఆట కూడా ఇంటర్నెట్ ద్వారా తనంతట తనే కొత్తదిగా మారిపోతుందన్న సంగతి అక్కకు తెలియదు. పార్సిల్ కౌంటరులో తనతో పనిచేసేవాళ్ళను ఇంటికి పిలిచింది. "మా తమ్ముడి ఆటలో నా గొంతు వినిపిస్తా రండి" అంది. కూతురు ఆట పెట్టింది. పడవ వచ్చింది. అందులోంచి ఇంకెవరో మాట్లాడారు.

ఆ కబురు బావ ఫోన్లో చెప్పాడు.

"మీ అక్క ఏమీ అనలేదోయ్. కొత్తావిడ గొంతు లేతగా, బాగుందంది. అందరికీ టీలిచ్చి పంపింది. వాళ్ళెళ్ళాక చీపురు పట్టుకుని, ఊడ్చిన గదే మళ్ళీ ఊడ్చింది."

ఇక తప్పదని వెళ్ళాడు. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాడు. మాటలు కూర్చడం అతనికి కొత్తేమీ కాదుగా. అక్క ఎప్పటిలాగే కుర్చీ లాగింది, ఒళ్ళు తగ్గావంది, ఆఫీసు కబుర్లడిగింది.

"అక్కా, ఆ ఆట సంగతి..." అన్నాడు.

"ఊరుకోరా. పైవాళ్ళు చెప్పి ఉంటారు. నువ్వు మాత్రం ఏం చేస్తావు?"

కాదని ఒక్క మాట అంటే అయిపోయేది. ఆమె తనకోసం వెతికిపెట్టిన సాకును కళ్ళు దించుకుని తీసుకున్నాడు. టీ తాగి వచ్చేశాడు. ఆ తర్వాత రాకపోకలు తగ్గలేదు, మాటలూ తగ్గలేదు. ఆట ఊసు మాత్రం ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. అక్క ఇంట్లో గట్టిగా మాట్లాడటం మానేసింది. బావే ఒకసారి "ఇప్పుడు మీ అక్క ఏమందో రెండోసారి అడగాల్సి వస్తోంది" అన్నాడు, నవ్వకుండా.

ఏళ్ళు గడిచాయి. ఆటల మీద మోజు తగ్గినా కొన్నింటిని జనం తవ్వి తీస్తుంటారు. మొదటి రోజు కొనుక్కుని, మార్పులు రాకముందటి ఆటను అలాగే దాచుకున్నవాళ్ళు కొందరున్నారు. వాళ్ళ దగ్గర పాత రేవు విన్న ఒక కొత్త సమీక్షకురాలు పెద్ద వ్యాసం రాసింది. "రెండు ప్రపంచాల్లోనూ వీరుల్ని పొగిడేవాళ్ళున్నారు, చంపజూసేవాళ్ళున్నారు. మనుషుల్లా చూసి, జరిగి కూర్చోమన్నది ఈ పడవవ్వ ఒక్కతే. కొత్త గొంతు నటించింది. పాత గొంతు మనకోసం కనిపెట్టుకుని ఉంది" అని రాసింది. ఆ వ్యాసం చేతులు మారి మారి త్రాసు దాకా వెళ్ళింది. ఆయన మళ్ళీ కూర్చుని ఆడాడట. విడుదల రోజుకల్లా సమీక్ష ఇవ్వాలన్న తొందరలో ఆ రోజు రేవు దగ్గర సగం మాటలు దాటేశానని, విననిదాని మీద హాస్యమాడానని రాసి, తప్పు తనదేనన్నాడు. మాటలాయన ఆ వాక్యాన్ని మళ్ళీ మళ్ళీ చదివాడు. పరాయివాడు, అంత పేరున్నవాడు, అందరి ముందూ ఎంత తేలిగ్గా అనేశాడో.

ఆటను కొత్త అధ్యాయం కలిపి మళ్ళీ విడుదల చేద్దామని కంపెనీ అనుకుంది. "పాత గొంతు మన దగ్గరే ఉందిగా, పెట్టేద్దాం. కొత్త అధ్యాయానికి కూడా ఆవిడతోనే చెప్పించు" అన్నాడు బాస్.

మాటలాయన మధ్యాహ్నం వేళ అక్క ఇంటికి వెళ్ళాడు. అప్పటికి ఆమె ఉద్యోగం నుంచి రిటైరైంది. ఇంటి కింద బట్టలు కుట్టే షెడ్డు ఉంది. భోజనాల వేళ మిషన్లు ఆగగానే అక్క కిందికి దిగి అక్కడి ఆడవాళ్ళకు వారపత్రికలో సీరియల్ చదివి వినిపిస్తుంది. అతను గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. డబ్బాలు విప్పుకుని తింటున్నవాళ్ళు నమలడం కూడా మర్చిపోయి వింటున్నారు. కథలో అత్తగారికి అక్క తనవి రెండు మాటలు కలిపింది. అందరూ గొల్లుమన్నారు. గొంతు కాస్త బొంగురుపోయింది. మిగతాదంతా అదే.

మిషన్లు మళ్ళీ మొదలయ్యాక మెట్ల మీద కూర్చుని విషయం చెప్పాడు. వ్యాసం సంగతీ త్రాసు సంగతీ చెప్పాడు. ఆమె శ్రద్ధగా విన్నది.

"పాతది పెట్టుకోరా. రాసింది నువ్వు, నీ ఇష్టం. పేరు మాత్రం వెయ్యద్దు."

"అదేంటక్కా?"

"వేస్తారు, తీస్తారు. ఎందుకదంతా?"

"కొత్తవి కొంచెమే ఉన్నాయి. ఒక్క పూట వస్తే చాలు."

ఆమె చీర అంచుకు అంటుకున్న దారప్పోగు తీసి వేలికి చుట్టుకుంది. "కోపం కాదురా. ఆ రోజు ఆ గదిలో ఎదురుగా ఎవరూ లేరు, గుర్తుందా? బస్సు దిగినవాళ్ళని అనుకోమన్నావు. నేను అద్దం అవతల ఉన్న నిన్ను చూస్తూ చెప్పాను. ఇప్పుడు ఎవర్ని చూస్తూ చెప్పాలో నాకు తెలీదు."

ఆమెకు అంతా తెలుసా, లేక ఊరికే అందా? అతను ఆ ముఖంలోకి చూశాడు, ఏమీ దొరకలేదు. మార్చేద్దామన్నది నేనే అక్కా, అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. షెడ్డులోంచి ఎవరో "మైకక్కా, రేపు తొందరగా దిగు" అని కేకేశారు. ఆమె లేచి అటు వెళ్ళింది. వచ్చిన మాట వచ్చినట్టే వెనక్కి వెళ్ళిపోయింది.

కొత్త అధ్యాయంలో పడవవ్వకు రాసినవన్నీ అతను కొట్టేశాడు. ఇంకొకరి చేత చెప్పించడానికి చేతులు రాలేదు. వీరులిద్దరూ చివరిసారి పడవ ఎక్కుతారు. వాళ్ళు ఎన్ని మాటలు అడిగినా ఆమె పలకదు. తెడ్డు వేస్తుంది, అవతలి ఒడ్డున దింపుతుంది, వెళ్ళిపోతుంది. అంతే ఉంచాడు. బాస్ అడిగితే కథకు అలాగే బాగుంటుందన్నాడు.

ఈసారి సమీక్షల్లో వంక పెట్టినవాళ్ళు లేరు. పాత గొంతు తిరిగి వచ్చినందుకు మురిసిపోయారు, అది ఎవరిదోనని ఆరాలు తీశారు. అన్నిటికంటే ఎక్కువగా మెచ్చుకున్నది ఆ చివరి ప్రయాణాన్ని. అంత మాటకారి చేత మౌనంగా పడవ నడిపించడం గొప్ప రచయితకే సాధ్యమని త్రాసు రాశాడు. ఆఫీసులో కరచాలనాలు, కేకులు. సౌండమ్మాయి మాత్రం దూరం నుంచి తల ఊపి తన గదిలోకి వెళ్ళిపోయింది.

సాయంత్రం అక్క ఫోన్ చేసింది. "బాగా రాశారటగా, బావ చెప్పాడు. ఏం రాశారో చదువు, వింటాను."

అతను చదివాడు. పోరాటాల గురించి రాసింది చదివాడు, వీరుల స్నేహం గురించి చదివాడు, పాత గొంతును పొగిడిన నాలుగు వాక్యాలూ నిదానంగా చదివాడు. మౌనం గురించిన పేరా దగ్గరికి వచ్చి ఆగాడు.

"అయిపోయిందా?" అంది అక్క.

"అయిపోయిందక్కా" అన్నాడు.