మాస్టారికి మతిమరుపు రాలేదు

నా పేరు సింహాచలమ్మ. వయసు డెబ్బై తొమ్మిది. సింగపూర్ జురాంగ్ వెస్ట్‌లో నాలుగో అంతస్తు ఫ్లాట్‌లో కొడుకు, కోడలు, నేను ఉంటాం. మా పక్క ఫ్లాట్ మాస్టారు పోయిన మంగళవారం నిద్రలోనే వెళ్లిపోయారు. ఆయన జ్ఞాపకంగా మనవాళ్లు వేస్తున్న ఈ పుస్తకానికి అందరూ రాసినవి నా కోడలు చదివి వినిపించింది. చివరి రెండేళ్లూ పాపం ఆయనకి మతిమరుపు వచ్చిందని ముగ్గురు రాశారు. అది తప్పు. నాకు చదువు రాదు కనుక చెప్పి రాయిస్తున్నాను. ఒక్క ముక్క తీసెయ్యకుండా వేయండి.

మాస్టారు లెక్కలు చెప్పి రిటైరయ్యారు. అమెరికా ఎప్పుడూ వెళ్లలేదు గానీ అమెరికా వెండి నాణేలు పోగేసేవారు. మనుషుల్నో, జరిగిన సంగతుల్నో తలుచుకోవడానికి అక్కడి ప్రభుత్వం కొట్టించేవి. "దీనికి అక్కడ కాఫీ అయినా ఇస్తారా?" అని ఎగతాళి చేసేదాన్ని. "ఇది ఖర్చుకి కాదు అక్కగారూ, గుర్తుకి" అనేవారు. తెల్లటి నూలు తొడుగులు వేసుకుని, అంచు పట్టుకుని చూపించేవారు. నేను చెయ్యి చాపితే వెనక్కి తీసుకునేవారు. "వేలు తగిలితే వెండి మరిచిపోదు."

అందులో ఒకటి బంతాట నాణెం. ఒకవైపు బంతిలా ఉబ్బి, రెండోవైపు బంతి పట్టే తోలు తొడుగు బొమ్మతో గుంటగా ఉంటుంది. అచ్చం కుంకం గిన్నె.

రెండేళ్ల కిందట వరలక్ష్మీ వ్రతం రోజు మధ్యాహ్నం దాన్ని డబ్బీలోంచి తీసి చూపిస్తుండగా ఫోను మోగింది. మాట్లాడుతూ ఆయన లోపలికి వెళ్లారు. సాయంత్రం మా ఇంట్లో పేరంటం. ఆ ఒక్క పూట కుంకం పెట్టుకోడానికి వాడుకుని ఇచ్చేద్దామని కొంగులో చుట్టుకుని వచ్చేశాను. అడిగితే ఇవ్వరని తెలుసు, అందుకే అడగలేదు. వచ్చినవాళ్లంతా మెచ్చుకున్నారు. "టెక్కా బజార్లో కొన్నారా ఆంటీ? సో నైస్ లా" అంది ఒక పిల్ల. నవ్వి ఊరుకున్నాను.

తెల్లారి ఆయనే మా గుమ్మంలోకి వచ్చారు, వెనకాలే వాళ్ల కోడలు. "అక్కగారూ, వెళ్లేటప్పుడు అది బల్ల మీద చూశారా?"

అప్పటికే కుంకం తడిసి గుంటలో పట్టేసింది. "నేను చూళ్లేదు. నన్నడుగుతారేం?" అన్నాను.

"ఎక్కడో పెట్టి మర్చిపోయుంటారు మావయ్యా, పర్లేదు" అంది కోడలు.

ఆయన నా మొహం చూశారు, ఆమె మొహం చూశారు. "అంతే అయ్యుంటుంది" అన్నారు.

అక్కణ్నుంచి మొదలైంది. వాళ్లింట్లోవాళ్లు ఏది ఎక్కడుందో రాసి అలమారాలకి చీటీలు అంటించారు. గ్యాసు పొయ్యి ముట్టుకోనివ్వలేదు. నాణేల షాపుకి ఒక్కరే ట్రైన్‌లో వెళ్లొచ్చే మనిషిని కింద తిండి కొట్లుండే హాకర్ సెంటర్‌కి కూడా ఒంటరిగా పంపలేదు. నాణేల పెట్టె తెరవడం ఆయనే మానేశారు.

నా ఆస్పత్రి కాగితాలన్నీ చదివి చెప్పింది ఆయనే. ఏ మాత్ర ఎప్పుడో నాకు తెలిసేలా పొట్లాల మీద సూర్యుణ్నీ చంద్రుణ్నీ గీసి ఇచ్చేవారు. ఆ రెండేళ్లలో ఒక్క బొమ్మ తప్పలేదు. ఒకరోజు లిఫ్ట్ దగ్గర, "నేనేదైనా మరిచిపోతే మీరు గుర్తుచెయ్యండి అక్కగారూ" అన్నారు. "అలాగే" అన్నాను. నాణెం మా పూజగూట్లో పటం వెనకే ఉంది. బుద్ధెరిగాక నేనెవర్నీ క్షమాపణ అడగలేదు. ఆయన్ని అడగడానికి రెండేళ్లు చాలలేదు.

నిన్న తీసుకెళ్లి వాళ్ల కోడలి చేతిలో పెట్టి అంతా చెప్పాను. ఆమె నాణేన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత అంది: "మతిమరుపు ఉందో లేదో చూడ్డానికి డాక్టర్ ఆయన్ని గడియారం బొమ్మ వెయ్యమన్నారు ఆంటీ. సరిగ్గానే వేశారు. అయినా మేమే నమ్మలేదు."

పెట్టె తెరిచింది. అన్ని నాణేల మధ్య ఆ ఒక్క గుండ్రటి చోటూ ఖాళీగానే ఉంచారాయన. నాణెం అందులో కూర్చుంది. ఎంత కడిగినా దాని మీది తొడుగు బొమ్మ వేళ్ల సందుల్లో ఎరుపు పోలేదు. పేరంటంలో ఎడమచేత్తో పట్టుకుని అందరికీ బొట్టు పెట్టాను. అంచు పక్కన నా బొటనవేలి గీతలు వెండిలో అలాగే ఉన్నాయి. ఇక్కడ వేస్తున్నదీ ఆ వేలే.

సింహాచలమ్మ, ఎడమ బొటనవేలి ముద్ర.
చెప్పింది చెప్పినట్టు రాసింది: పై అంతస్తు లావణ్య.
ఎదుట ఉన్నవాళ్లు: నా కోడలు పార్వతి, మాస్టారి కోడలు సుజాత.