కాటా ఎక్కని పండుగప్ప

పడవ నాది కాదు. ముందు ఆ మాట చెప్పాలి. గాలపు కర్ర, రీలు, డబ్బాలో వరసగా పేర్చి ఉండే రబ్బరు ఎరలు, ఏవీ నావి కావు. పజుండౌంగ్‌లో గాలాల దుకాణం నడిపే బర్మా పెద్దమనిషి ఒకాయన, నేను గాలం విసిరే తీరు చూసి, వాటిని నా చేతిలో పెట్టారు. ఆయన దుకాణం చొక్కా వేసుకుని పోటీలకు వెళ్ళడం, సెలవు రోజుల్లో నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళను ఆ పడవలో కూర్చోబెట్టి నేర్పడం నా పని. అదే నా బతుకుతెరువు. పొద్దున్న దీపం పెట్టినప్పుడు ఆయన పేరు తలుచుకుని దణ్ణం పెట్టుకునేదాన్ని. ఇప్పటికీ పెట్టుకుంటాను.

పోయిన చలికాలంలో ఆయన నన్ను దుకాణానికి పిలిచి, టీ తెప్పించి, లెక్కల పుస్తకం నా ముందు తెరిచారు. ఆ తరవాత చెప్పారు. బేరాలు పడిపోయాయట, ఇద్దరిని నిలబెట్టే శక్తి లేదట. ఆయన తరఫున పోటీలకు వెళ్ళేది నేనూ, ఇంకొకతనూ. రాబోయే పండుగప్పల పోటీలో మొదటి మూడు స్థానాల్లో నేను వస్తే పడవ నా దగ్గరే ఉంటుంది. రాకపోతే అతనికి వెళ్ళిపోతుంది. ఆ మాట చెప్పడానికి ఆయన పడిన అవస్థ చూసి నేనే ఆయన్ని ఓదార్చి వచ్చాను.

పండుగప్పను ఇక్కడ బర్మావాళ్ళు కకడిట్ అంటారు, పోటీలవాళ్ళు సీబాస్ అంటారు. మా తాతలు ఓడరేవు పనికి ఈ దేశం వచ్చినప్పుడు వదిలేసి వచ్చిన సముద్రపు చేప అది. ఇక్కడ చెరువుల్లో పెంచుతారు. పౌరుషం గల చేప. గాలం తగిలిందంటే నీళ్ళ మీదికి నిలువునా లేచి తల విదిలిస్తుంది.

పోటీలో పడవకి ఇద్దరుండాలి. ఒకరు గాలం వెయ్యాలి, ఒకరు చేతివలతో చేపని పైకి తియ్యాలి. ఎప్పుడూ నాతో వల పట్టేది మా ఆయన. ఇన్సేన్ రైల్వే వర్క్‌షాపులో ఆయన ఉద్యోగం. పోటీ జరిగే ఆదివారమే డ్యూటీ పడింది, ఎంత బతిమాలినా మారలేదు. వల పట్టడం వచ్చిన మనిషి మా ఇంట్లో ఇంకొక్కరే ఉన్నారు.

మా అమ్మ సంచౌంగ్ బజారులో చేపలు అమ్ముతుంది. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ అమ్ముతూనే ఉంది. చిన్నప్పుడు నాకు ఉబ్బసం, బడికి పంపలేదు. అక్షరాలు నాన్న ఇంట్లోనే దిద్దించారు. దేవుడు, లెక్క, చేప, ఈ మూడూ అమ్మ నేర్పింది. లెక్కా చేపా తేలికగానే వచ్చాయి. దేవుణ్ణి ఇంకా నేర్చుకుంటున్నాను.

చేప విషయంలో అమ్మకు ఒకటే ధర్మం. నీళ్ళలో ఉన్నంతసేపూ దాని బతుకు దానిది. తొట్టిలో ఈదే కొరమీను జోలికి అమ్మ పోదు. నీళ్ళు విడిచి బల్ల మీదికి వచ్చాక మాత్రం ఒక్క క్షణం కూడా దాన్ని అల్లాడనివ్వకూడదు. విరిగిన రోకలి మొన ఒకటి అమ్మ సంచిలో ఎప్పుడూ ఉంటుంది. రెండు కళ్ళ మధ్య ఒకటే దెబ్బ. రెండో దెబ్బ పడితే పాపం అంటుంది. దెబ్బతోపాటే పెదాలు కదుపుతూ, "గంగమ్మ తల్లీ, నీ బిడ్డ నీకే" అనుకుంటుంది. చేప కొట్టుకుని కొట్టుకుని చచ్చిన ఇంటికి దాని ఉసురు తగులుతుందని ఆవిడ నమ్మకం. బజారులో బర్మా ఆడవాళ్ళు బతికున్న చేపని చూపించి, మొహం అటు తిప్పుకుని నిలబడతారు. ప్రాణం తియ్యడం వాళ్ళకు సరిపడదు. దెబ్బ చప్పుడు విన్నాకే ఇటు తిరుగుతారు. "ఆల పాపం నాను మోత్తన్నాను కదే, ఇంకా కొసరెందుకడుగుతారో" అని అమ్మ నాతో తెలుగులో గొణిగేది.

పోటీ చెరువు ఇన్సేన్ దాటి ఉత్తరానికి పోతే వస్తుంది. తెల్లవారేసరికి ఇద్దరం చేరాం. అమ్మ బుగ్గలకి తనాకా చెక్క గంధం, పాదాలకి పసుపు, చీర మీద నారింజరంగు తేలుడు జాకెట్టు. అది తొడిగి బొత్తాలు పెడుతుంటే, "ఇదేటే, నూనిలో ఏసిన బూరిలాగున్నాను" అంది. పక్క పడవలో ఉన్నతను నవ్వి, దుకాణంవాళ్ళకి మగవాళ్ళు దొరక్క అవ్వను పంపారా అని బర్మా భాషలో అన్నాడు. నేను తల దించుకున్నాను. అమ్మ వెనక్కి తిరిగి అదే భాషలో, మీ అమ్మ నా దగ్గరే కొంటుంది బాబూ, నీ కంచంలోకి ఎలాంటి చేప వస్తోందో నన్నడుగు, అంది. ఆ తరవాత అతను చాలాసేపు మా వైపు చూడలేదు.

పడవలో నిలబడకూడదనీ, గట్టిగా మాట్లాడకూడదనీ, వల ముందు తల వైపునుంచి పెట్టాలనీ అమ్మకి దారి పొడుగునా చెప్పాను. చేపని బతికుండగానే కాటా దగ్గరికి తేవాలన్న సంగతి మాత్రం చెప్పాలని తట్టలేదు. ఊపిరి పీల్చమని ఎవరికైనా చెబుతామా? నాకది అంత అలవాటైపోయింది.

మొదటి గంటలోనే రెండు చిన్న చేపలు పడ్డాయి. వాటికి వల అక్కర్లేదు. దారం పట్టి నేనే లాగి, గాలం ఊడదీసి, పడవలో ఉన్న నీళ్ళ పెట్టెలో వేశాను. అమ్మ తొంగి చూసి, బజారు తొట్టిలాగే పెట్టారన్నమాట అని మెచ్చుకుంది. ఆ తరవాత ఎండ ఎక్కింది, నీళ్ళు నిలిచిపోయాయి. చుట్టుపక్కల పడవల్లో అరుపులు వినిపిస్తుంటే ఎర మార్చి మళ్ళీ విసిరాను. పడవ అంచు మీద చెయ్యి వేసి, ఇది ఇంకా కొన్నాళ్ళు ఉండనీ స్వామీ అనుకున్నాను.

తుంగ దుబ్బు పక్కన ఎర పడీ పడకముందే నీళ్ళు పగిలాయి. అంత బరువు నా చేతులకి అంతకుముందెప్పుడూ తెలియదు. రీలు గీపెట్టింది. చేప లేచింది, వెండిరంగు పక్కలు, తెరిచిన నోరు, మళ్ళీ పడింది. దుబ్బులోకి పోనివ్వకుండా కర్రని పక్కకి వంచి పట్టాను. అలిసి అది పడవ దగ్గరికి వచ్చేసరికి అమ్మ వల నీళ్ళలో సిద్ధంగా ఉంది. తల వైపునుంచే పెట్టింది. ఒక్క ఊపున పైకి తీసి చెక్కల మీద దించింది. మా ఆయన కూడా అంత నేర్పుగా తియ్యలేడు.

గాలం ఊడదీసే పట్టుకారు కోసం నేను వెనక్కి తిరిగాను.

టక్ మని చప్పుడైంది.

ఆ చప్పుడు నాకు పుట్టినప్పటినుంచీ తెలుసు. అయినా అదేమిటో అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. తిరిగి చూస్తే అమ్మ చేతిలో రోకలి మొన, కదులుతున్న పెదాలు. చేప తోక ఒకసారి వణికి బిగుసుకుపోయింది. పట్టుకారు ఎక్కడ పడిందో తెలియదు.

"ఒక్క దెబ్బే," అంది అమ్మ, తృప్తిగా. "ఎంత పెద్ద సేపే! పడవ నీకుండిపోనాదే, గుంటా."

నేను చేపని ఎత్తి, దాని తలని నీళ్ళలో ముంచి, మొప్పల్లోంచి నీళ్ళు ఆడేలా ముందుకీ వెనక్కీ ఊపాను. సొమ్మసిల్లిన చేప ఒక్కోసారి తేరుకుంటుంది. అమ్మ దెబ్బ తిన్న చేప తేరుకోదని నాకంటే బాగా ఎవరికి తెలుసు? అయినా ఊపుతూనే ఉన్నాను.

"సచ్చినదానికి నీల్లు తాగిత్తన్నావేటే?" అని అమ్మ నవ్వింది.

నెత్తురు కడుగుతున్నానన్నాను. ఆవిడ మొహంలో అంత వెలుగు నాన్న పోయాక నేను చూడలేదు. మిగిలిన సమయమంతా గాలం వేశాను, ఏమీ పడలేదు. తల అల్లుడికి, నడుం ముక్కలు పక్కింటి బాలింతకి, తోక మనకి అని అమ్మ పులుసు వంతులు వేస్తూ కూర్చుంది. తల ఊపుతూ విన్నాను. చెప్పాలి, ఒడ్డు చేరేలోగా చెప్పాలి అనుకుంటూనే ఒడ్డు చేరిపోయాం.

టార్పాలిన్ నీడలో కాటా వేలాడదీసి ఉంది. మా వంతు వచ్చింది. చిన్నవి రెండూ తూగాయి. పెద్దదాన్ని సంచిలోంచి తీయగానే చుట్టూ ఉన్నవాళ్ళు ఒక్కసారిగా ఓహో అన్నారు. తూచేవాడు దాని మొప్ప కింద వేలు పెట్టి చూశాడు. తలమీద దెబ్బ చూశాడు. ఆ సందడి మధ్యలోనే తెగిపోయింది. ఫోటో తీయబోయిన అమ్మాయి ఫోన్ దించేసింది. ముందు వరసలో ఇద్దరు వెనక్కి జరిగారు. ఎవరు కొట్టారని అతను అడిగితే, నేనేనన్నాను.

"అబద్దమెందుకే," అని అమ్మ నన్ను తోసుకుని ముందుకొచ్చింది. కొట్టింది తనేనని అతనికి వాళ్ళ భాషలో చెప్పి, ఒక్క దెబ్బేనని కూడా చెప్పింది.

అతను మంచివాడు. రెండు చేతులూ కట్టుకుని, అమ్మా అని పిలిచి, నెమ్మదిగా చెప్పాడు. ఇక్కడ చచ్చిన చేపకి బరువు లేదన్నాడు.

బజారులో జీవితమంతా కాటా ముందు కూర్చున్న మనిషి మా అమ్మ. చేప వంక చూసింది, కాటా వంక చూసింది. బరువు లేకపోవడమేమిటో ఆవిడకి అందలేదు. నా వైపు తిరిగి, "మరి దేనికి పట్టేరే ఇంతమందీ?" అంది.

చెప్పాను. బతికుండగా తూచి, ఫోటో తీసి, మళ్ళీ చెరువులో వదిలేస్తారని.

"నోట్లో ముల్లు గుచ్చి, ఊపిరాడకుండా ఏలాడదీసి, మల్లీ నీల్లల్లో పడీడమా? ఆటకా?" గొంతులో కోపం లేదు. నడుస్తూ నడుస్తూ మెట్టు తప్పిన మనిషి మొహంలా ఉంది ఆవిడ మొహం. తరవాత ఎవరికీ వినపడకుండా అడిగింది. "నువ్వు కూడా ఇదే సేత్తన్నావా?"

"అవునమ్మా."

అన్నేళ్ళుగా నా చేతికి ప్రాణం తీసిన పాపం అంటలేదని నేను దేవుడి ముందు తేలికగా నిలబడుతున్నాను. ఆవిడా తన రోకలితో అంతే తేలికగా నిలబడుతోంది. ఆ టార్పాలిన్ కింద మేమిద్దరం ఒకరినొకరం కొత్తగా చూసుకున్నాం.

దుకాణం పెద్దాయన వచ్చారు. చేపని చూసి ఒక అడుగు వెనక్కి వేసి, పెదవుల్లో ఏదో చదువుకున్నారు. ఆయన తరఫున వచ్చిన రెండోవాడు మూడో స్థానంలో ఉన్నాడు. నేను ఎక్కడో కింద ఉన్నాను. పడవ కోసం మనిషిని పంపుతానని నా మొహం చూడకుండా చెప్పారు. ఇన్నాళ్ళు ఇచ్చినందుకు ఆయనకి దణ్ణం పెట్టాను. మర్యాదకి పెట్టిన దణ్ణం కాదు అది.

పడవ పోయిందని అమ్మకి అప్పుడు తెలిసింది. గట్టు మీద కూలబడి, రోకలి మొన ఒళ్ళో పెట్టుకుంది. "పడవలోనే సెప్పొచ్చు కదే," అంది.

తూచిన చేపల్ని బకెట్లలో తెచ్చి వదులుతున్నారు. మా చిన్నవి రెండూ వచ్చేసరికి అమ్మ లేచింది. తాను వదులుతానంది. చీర కుచ్చిళ్ళు దోపుకుని మోకాళ్ళ లోతు దిగింది. ఒక చెయ్యి తోక దగ్గర, ఒక చెయ్యి పొట్ట కింద పెట్టి, అది తనంతట తాను తన్నుకునేదాకా పట్టుకోమని చెప్పాను. నాకు చేపని నేర్పిన చేతులు అవి.

"ఇది సచ్చిపోతాదే."

"ఉండమ్మా. కాసేపుండు."

మొప్ప తెరుచుకుంది, మూసుకుంది. మళ్ళీ తెరుచుకుంది. అమ్మ దాని మీదికి వంగింది. ఉన్నట్టుండి తోక ఒక్కటి కొట్టి అది నీళ్ళలోకి జారిపోయింది. అమ్మ ఖాళీ చేతుల్ని నీళ్ళలోనే ఉంచి చూస్తూ ఉండిపోయింది.

"ఎల్లిపోనాదే," అంది. అరవయ్యేళ్ళు దాటిన మనిషి, చేతిలోంచి చేప వెళ్ళిపోవడం అదే మొదటిసారి చూడటం. రెండోదాన్ని కూడా వదిలింది. ఈసారి పెదాలు కదిలాయి.

తిరుగు బస్సులో పెద్ద చేప గోనెసంచిలో మా కాళ్ళ దగ్గరే ఉంది. వాసనకి ముందు సీటువాళ్ళు కిటికీ తీశారు. ఇన్సేన్ దగ్గర బస్సు ఆగి, జనం ఎక్కుతుంటే, అమ్మ కిటికీలోంచి చూస్తూనే అడిగింది.

"దాని నోరు మానుతాదేటే?"

"మానుతుందంటారమ్మా."

"ఎవులు సూసేరు?"

వదిలేసిన చేప నోరు మళ్ళీ నేనెప్పుడూ చూడలేదు. చూసినట్టే ఇన్నాళ్ళూ ఉన్నాను. బస్సు కదిలింది. అమ్మ సంచి జారకుండా కాలు అడ్డం పెట్టి, నా చెయ్యి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. ఆ రాత్రి పులుసులో తల, అనుకున్నట్టే, మా ఆయనకే వేసింది.