నేను మడతపెట్టిన ఏప్రాన్లు

వరంగల్‌లో ఒక ప్రైవేటు దవాఖానలో ఎక్స్‌రే గదులు శుభ్రం చేసే పనిలో చేరి అప్పటికి రెండేళ్లయింది. అంతకుముందు పవర్‌లూమ్ షెడ్డులో దుప్పట్లు మడతపెట్టేదాన్ని. కిరణాలు తగలకుండా డాక్టర్లు వేసుకునే సీసం ఏప్రాన్లను కూడా రోజూ సాయంత్రం అలాగే నాలుగు మడతలు వేసి, అంచుకు అంచు కలిపి అలమరలో పేర్చేదాన్ని. ఎవరూ చెప్పకపోయినా చేస్తున్నానని లోలోపల గొప్పగా ఉండేది.

ఒక శనివారం మాకు రేడియేషన్ భద్రత మీద శిక్షణ పెట్టారు. ఊడ్చేవాళ్లం, స్ట్రెచర్లు తోసేవాళ్లం అందరం కూర్చున్నాం. చెప్పడానికి వచ్చిన మేడం మా చెల్లెలి వయసుది. మనసులో ఉన్న భయం ముందే అడిగేశాను.

"మేడం, ఎక్స్‌రే మిషన్ బంద్ చేసినంక గూడ కిరణాలు గోడలకు, బండలకు అంటుకోని ఉంటయా? నేనైతే తానం చెయ్యంది పిల్లల్ని ముట్టుకోను."

"ఉండయి అక్కా. లైటు ఆర్పినంక ఎలుగు ఉంటదా? ఇది గూడ గంతే. మిషన్ నడిచేటప్పుడు మాత్రం లోపల ఉండొద్దు, తలుపు బయటనే ఉండాలె."

ఒక్క మాటతో గుండె తేలికైంది.

తర్వాత ఏప్రాన్లు తెమ్మంటే అందరికన్నా ముందు నేనే లేచాను. మేడం ఒకదాన్ని విప్పి మిషన్ కింద పరిపించి, మమ్మల్ని బయటికి పంపి ఫొటో తీయించింది. తెర మీద ఏప్రాన్ తెల్లగా కనిపించింది. మధ్యలో మాత్రం సన్నటి నల్లటి గీత.

"నల్లగ ఉన్నకాడ సీసం పగిలింది. ఆడికెళ్లి కిరణాలు లోపలికి పోతయి. మడత పెడితే గిట్లనే అయితది."

గీత సరిగ్గా నా మడత మీదే ఉంది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

"నీ తప్పేం లేదక్కా, నీకెవ్వరు చెప్పలే. ఇటు రా" అని నా చెయ్యి పట్టుకుని ఇంకో ఏప్రాన్ మీద పెట్టింది. "మెల్లగ తడుముకుంట పో. ఎక్కడన్న తేడా అనిపిస్తె చెప్పు."

కళ్లు మూసుకుని తడిమాను. భుజానికి జానెడు కింద వేలికి చిన్న గాడి తగిలింది.

"ఈడ ఉన్నది మేడం!"

ఫొటో తీశారు. అక్కడే ఉంది గీత! గదంతా చప్పట్లు. మూడో దాంట్లో ఏమీ లేదన్నాను, లేదు. నాలుగో దాంట్లో రెండు చోట్ల అన్నాను, రెండూ దొరికాయి. స్ట్రెచర్ తోసే అన్న "అక్కా, నువ్వే మిషన్ అయినవు గదే!" అని అరిచాడు. నాకు నవ్వు ఆగలేదు, కాళ్లు నేల మీద ఆనలేదు.

పగిలినవాటిని ఆ రోజే పక్కన పెట్టారు. సోమవారానికి ఏప్రాన్లను మడతపెట్టకుండా వేలాడదీయడానికి గోడకు లావుపాటి హ్యాంగర్లు వచ్చాయి. నెలకోసారి ఏప్రాన్లన్నీ తడిమి చూసి చెప్పే పని నాకు అప్పగించారు.

ఆ శనివారం శిక్షణ అవగానే బస్టాండు నుంచే మా అక్కకు ఫోన్ చేశాను. "ఏందే, గట్ల ఒర్రుతున్నవు, ఏమైంది?" అంది. మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టాను. నేను ఎక్కాల్సిన ధర్మసాగర్ బస్సు నా ముందునుంచే వెళ్లిపోయినా చూసుకోలేదు.